ఒక్క గది చాలు

ఆదివారం

ప్రార్థన మధ్యలో ఫోను మోగింది. చెల్లి.

"అక్కా, నీ తమ్ముడికి చెప్పు. నాన్న ఫొటో పెద్దది చేయించాను. కావాలంటే వచ్చి తీసుకెళ్ళమను."

తమ్ముడికి చేశాను. "నీ చెల్లెలికి చెప్పు పెద్దక్కా. ఇవ్వాలనుంటే పంపించమను. గుమ్మం తొక్కేది లేదు."

మళ్ళీ దానికి చేశాను. "పంపించను" అంది. మళ్ళీ వాడికి.

ఇద్దరి ఇళ్ళకీ మధ్య రెండు వీధులే. మాట మాత్రం ఊరి ఈ చివరనున్న నా గదిదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోవాలి.

దేవుడికి ఏదో చెబుతూ సగంలో లేచాను. తిరిగి కూర్చుంటే ఆ మాట గుర్తు రాలేదు.

సోమవారం

లాండ్రీలో ఆరబెట్టే యంత్రం మళ్ళీ ఆగింది. ఆస్పత్రి దుప్పట్లన్నీ వరండాలో తాళ్ళమీద వేశాం. వానజల్లుకి ఆరినవే మళ్ళీ తడిశాయి. మడత పెట్టిందే మళ్ళీ మడత పెట్టాను.

సూపర్‌వైజర్ వచ్చి, "అమ్మా, మీ సెలవులు మురిగిపోతున్నాయి. వాడుకోండి" అన్నాడు.

"వాడుకుని ఏం చెయ్యను బాబూ?"

"అందరూ ఏం చేస్తారు? సముద్రానికి పోతారు."

"ఈ వానల్లోనా?"

"వానల్లోనే చవక" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు.

బుధవారం

పని నుంచి వస్తూ స్టేషన్‌లో ఆగాను. కౌంటరు పక్కన కాగితం అంటించారు. వానలు తగ్గేదాకా, శని ఆదివారాలు తప్ప, ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తే మూడో టిక్కెట్టు సగం ధరకే. రానూ పోనూ కలిపి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇవ్వరు.

ఆ చివరి వాక్యం రెండోసారి చదివాను.

సముద్రానికి మూడు టిక్కెట్లు కొన్నాను. చవకగా వస్తున్నాయి కదా అని. అంతే.

గురువారం

ముందు చెల్లికి చెప్పాను.

"వాడొస్తాడా?"

"వస్తాడు."

"అయితే నేను రాను."

"టిక్కెట్లు కొనేశాను. వెనక్కి తీసుకోరు."

"అస్సలు తీసుకోరా?"

"అస్సలు."

"ముగ్గురుంటేనే తగ్గింపా?"

"ముగ్గురుంటేనే."

"నీకు బుద్ధుందా అక్కా? ఒక్క మాట అడగాలని తెలీదా?" తర్వాత గొంతు తగ్గించి, "ఇంతకీ ఎంత తగ్గింది?" అంది. చెప్పాను. "పర్లేదే" అంది.

తమ్ముడి ఇంటికి నేనే వెళ్ళాను. రంపం పిడి తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"నేను వేరే పెట్టెలో కూర్చుంటా."

"సీట్లు ఒకచోటే ఇచ్చారురా."

"మార్పించుకుంటా."

"దానికి మళ్ళీ డబ్బు కట్టాలట."

రంపం పక్కన పెట్టేశాడు. మరదలు లోపల్నుంచి, "తీసుకెళ్ళండి వదినా, మాకూ నాలుగు రోజులు సెలవు ఇచ్చినట్టుంటుంది" అంది.

మా ఇంట్లో పెరిగినవాళ్ళు మనుషుల్ని వదులుకుంటారు గాని తగ్గింపు ధరని వదులుకోలేరు. అమ్మ పోయాక అలా పెంచింది నేనే.

శుక్రవారం

వీళ్ళు మాట్లాడుకోక రెండు వానాకాలాలు అయింది. చెల్లి కొత్త వంటింటికి వాడు అలమర తలుపులు చేశాడు. కూలి తీసుకోలేదు. వానలకి అవి ఉబ్బి మూతపడలేదు. ఎండలొచ్చేదాకా ఆగు చిన్నక్కా అన్నాడు. అది ఆగలేదు. వేరే వడ్రంగిని పిలిచింది. వీడు ఏదో పనిమీద అటు వెళ్ళేసరికి, ఆ మనిషి వీడి తలుపులు ఊడదీసి గోడకి ఆనిస్తున్నాడు.

వాడు ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆ రోజుతో పోయేది.

బస కోసం ఫోను చేశాను. లాడ్జి ఆవిడే ఎత్తింది.

"సముద్రం కనబడే గదులన్నీ ఖాళీయేనమ్మా."

"నడిచి వెళ్ళి చూస్తామండీ."

"రెండు గదులా?"

"ఒక్క గది చాలు. మూడు మంచాలు. దుప్పట్లు మేమే తెచ్చుకుంటాం. ఏం తగ్గిస్తారు?"

ఆవిడ నవ్వింది. "వెనకవైపు ఒకటుంది. బాత్రూం తలుపు వానకి బిగుసుకుంటుంది. అందుకే ఎవరికీ ఇవ్వను."

"మాకివ్వండి. మా తమ్ముడు వడ్రంగి. తలుపు చూస్తాడు."

"అయితే ఇంకాస్త తగ్గిస్తా."

ఒకే గదిలో ముగ్గురుంటే ఖర్చు తక్కువ. ఇందులో ఇంకే ఉద్దేశమూ లేదు.

మంగళవారం

రైలు. ప్రతి స్టేషన్‌లోనూ ఆగేది. అదే చవక. చెల్లీ తమ్ముడూ ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చింది. నేను దాని పక్కన.

"అక్కా, కిటికీ దించమను. జల్లు కొడుతోంది."

"పెద్దక్కా, గాలి ఆడక చస్తే ఎవరిది పూచీ అని అడుగు."

"చావడులే అక్కా, సగం దించమను."

వాడి మోకాళ్ళు దాని మోకాళ్ళకి తగులుతున్నాయి. మాట నా మీదుగా పోతోంది.

వాడి పక్కన కూర్చున్న పెద్దాయన చాలాసేపు చూశాడు. చివరికి నావైపు వంగి, "వీళ్ళిద్దరికీ చెవుడా అమ్మా?" అన్నాడు.

"కాదండీ. తోబుట్టువులు" అన్నాను.

ఆయన అర్థమైనట్టు తలూపాడు.

ఉడికించిన గుడ్లు, రొట్టె పంచాను. ఆస్పత్రి క్యాంటీన్‌ నుంచి తెచ్చి దాచిన ఉప్పు పొట్లాలు తీశాను. అవి చూసి ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు. ఇద్దరివీ అమ్మ కనుబొమ్మలే.

మంగళవారం, సాయంత్రం

గది బాగానే ఉంది. గోడకి చెమ్మ. బల్బు ఒకటే. కిటికీ తెరిస్తే పడవలు బాగుచేసే షెడ్డు వెనకగోడ. ఆ గోడకీ పక్క గోడకీ మధ్య సన్నగా బూడిదరంగు కనిపిస్తోంది.

"అదేనా సముద్రం?" అంది చెల్లి.

"అదే."

"చీరంచంత ఉంది."

మంచాలమీద దుప్పట్లు పరిచాను. మూలలు లోపలికి మడిచి, బిగించి. చెయ్యి అలవాటు. "సెలవుకొచ్చినట్టు లేదు, వార్డులో చేరినట్టుంది" అంది అదే.

తమ్ముడు బాత్రూం తలుపు వేలితో తట్టి చూశాడు. "పెద్దక్కా, ఇది పూర్తిగా మూయకండి. ఓరగా వేసుకోండి" అన్నాడు. గడియకి తువ్వాలు కట్టి, అడ్డంగా వేలాడేసుకున్నాం.

మధ్య మంచం నాది. ఎప్పుడూ నాదే.

బుధవారం

వాన. సముద్రం దాకా నడిచాం. నేను ఒక్క గొడుగే తెచ్చాను. ఇద్దరూ చెరో పక్క. ఎడమొహం, పెడమొహం. అటు కాస్త, ఇటు కాస్త పట్టాను. వాళ్ళు తడవలేదు.

అలసటగా ఉంది. దేవుడికి అదే చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

గురువారం

టీ తాగుతుంటే లాడ్జి ఆవిడ వరండాలోకి వచ్చింది. చేతిలో చెక్క నునుపు చేసే పాత చిత్రిక.

"ఏమయ్యా, తలుపు ఎప్పుడు చూస్తావు? నాలుగు రోజుల్లో వెళ్ళిపోతారుగా."

తమ్ముడికి అర్థం కాలేదు. "ఏ తలుపు?"

"అదేంటి, మీ అక్క చెప్పలేదా? నువ్వు చూస్తావనేగా అంత తగ్గించాను."

వాడు నావైపు చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. వాడంతే.

చెల్లి అంది. "వాడి పని అమ్మేశావా అక్కా?"

"అమ్మలేదు. తగ్గించమన్నాను."

"రెండూ ఒకటే. వాడు సెలవుకొచ్చాడా, కూలికొచ్చాడా? ఒక్క మాట అడగొద్దూ వాణ్ణి?"

వాడు తలెత్తి దానివైపు చూశాడు. అది వెంటనే జుట్టు ముడి వేసుకోవడం మొదలుపెట్టింది. ముడి అంతకుముందే ఉంది.

తర్వాత వాడు లాడ్జి ఆవిడ చేతిలో చిత్రిక తీసుకుని చూసి, తిరిగి ఇచ్చేశాడు. "ఇప్పుడు చెక్కకూడదండీ. ఉబ్బి ఉంది. ఇప్పుడు చెక్కితే ఎండల్లో సందు పడుతుంది. ఆరేదాకా ఆగాలి."

ఆ మాట ఆవిడతోనే అన్నాడు. చెల్లి లేచి గదిలోకి పోయింది.

ఆవిడ తగ్గించిన డబ్బు తిరిగి కట్టమంటుందేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. ఆవిడ అడగలేదు.

సాయంత్రమంతా ఒక్కరూ మాట్లాడలేదు, నా ద్వారా కూడా. పోనీ నేను చేసింది తప్పేనా అని దేవుణ్ణి అడిగాను. జవాబు కోసం ఆగకుండా పడుకున్నాను.

శుక్రవారం

పొద్దున బాత్రూంలో చిక్కుకుపోయాను. గడియ బిగుసుకుంది. తమ్ముడు తలుపు తెరిచాడు. అందరం బాగున్నాం. తుమ్ములు.

శనివారం

నిన్న తక్కువ రాశాను. మాటలు కూడా పొదుపు చేసే అలవాటు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను.

నిన్న మనసు బాగాలేక, చూసుకోకుండా తలుపు పూర్తిగా నెట్టేశాను. స్నానం చేసి లాగితే రాలేదు. పిలిచాను. చెల్లి వచ్చింది.

"గట్టిగా లాగక్కా."

"లాగుతున్నా."

అది అటునుంచి తోసింది. కదల్లేదు. "ఉండు" అంది. దాని చెప్పుల చప్పుడు గది దాటి వరండా దాకా పోయి, ఆగింది. చాలాసేపు ఆగింది. నేను అరచేయి తలుపుమీద పెట్టి నిలబడ్డాను.

"ఒరేయ్" అంది.

రెండు వానాకాలాల తర్వాత, ఆ ఒక్క మాట.

"ఏంటి?"

"అక్క బాత్రూంలో ఇరుక్కుంది."

"మూయొద్దని చెప్పానుగా!"

"నాకెక్కడ చెప్పావు? అక్కకి చెప్పావు."

"నువ్వూ అక్కడే ఉన్నావుగా."

"ఉంటే? చెప్పింది నాకా?"

పోట్లాడుకుంటూనే వచ్చారు. వాడు తలుపు పైనా కిందా తట్టాడు. "బాగా ఉబ్బింది" అన్నాడు. తర్వాత వాడి గొంతు, నిదానంగా.

"చిన్నక్కా, ముందే చెప్తున్నా. ఈ తలుపు నేను చేసింది కాదు."

బయట ఏదో చప్పుడు. ఏడుస్తోందనుకున్నాను. కాదు. నవ్వు ఆపుకుంటే చెల్లికి ముక్కులో చప్పుడొస్తుంది, చిన్నప్పట్నుంచీ. ఆపలేకపోయింది. వాడూ మొదలుపెట్టాడు. లోపల నేను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను.

"కావాలంటే ఇంకో వడ్రంగిని పిలువు" అన్నాడు వాడు.

దాని నవ్వు ఆగింది.

"పిలవనురా."

వాన చప్పుడు. మళ్ళీ అదే అంది, "నీ తలుపులు పారెయ్యలేదురా. మంచం కింద పెట్టించాను. ఎండలొచ్చాక ఒకరోజు తీసి అలమరకి పెట్టి చూశా. గీత గీసినట్టు సరిపోయాయి."

"మరి చెప్పలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"పెద్దక్కతో చెప్పి పంపించొచ్చుగా. అన్నీ ఆమెతోనే పంపిస్తావుగా."

"ఇది అక్కతో పంపించే మాట కాదు."

నేను తలుపు ఇవతల నిలబడి విన్నాను. ఇన్నాళ్ళూ ఎన్ని మాటలు మోశానో. మొయ్యవలసింది అందులో ఒక్కటీ లేదు.

వాడు ముక్కు చీదాడు. "సరే, జరుగు" అన్నాడు. భుజం పెట్టి పైమూల దగ్గర ఒక్క తోపు తోశాడు. కిర్రుమంది. నా చేతి కింద తలుపు వదులైంది. లాగితే వచ్చేసేది.

నిన్న గడియ బిగుసుకుందని రాశాను. బిగుసుకున్నది తలుపు. గడియ నేను వేశాను.

తువ్వాలు అడ్డం పెట్టి, చప్పుడు కాకుండా వేశాను.

"వదులైందా పెద్దక్కా?"

"లేదురా. అలాగే ఉంది."

"ఊపిరి ఆడుతోందా అక్కా?"

"ఆడుతోంది. మీరు నిదానంగా చూడండి. తొందరేం లేదు."

పొద్దున దేవుడి పేరు తలుచుకున్న నోటితోనే అన్నాను.

బకెట్టు బోర్లించి కూర్చున్నాను. ఈ ప్రయాణంలో నేను ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి. చూరు నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే పడుతున్నాయి. ఎవరూ నన్ను దేన్నీ ఎవరికీ చెప్పమనలేదు.

వాళ్ళు తలుపు అవతల కింద చతికిలబడ్డారు. పక్క గోడకి వీపు ఆనించిన చప్పుడు వినబడింది.

"తెలిసే తీసుకుందిరా ఈ గది. చవకని."

"ఆ గుడ్లు చూశావా? ఉప్పు పొట్లాలు?"

"ఆస్పత్రి ఉప్పు!"

"మా పెద్దోడు అడిగాడు, పెద్దత్త ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలదట నిజమేనా అని."

"నువ్వేమన్నావు?"

"ఎంగిలే ఉండదురా, గిన్నె అంత శుభ్రంగా తుడిచి తింటుందని వాడితో అన్నా."

మళ్ళీ నవ్వు.

"ఊరుకో, వింటుంది."

"విననీ. మంచిదే. ముగ్గురికీ ఒక్క గొడుగేంటి చిన్నక్కా? మనం తడవలేదు, అది వేరే సంగతి."

చెల్లి గొంతు తగ్గించింది. అయినా వినబడింది.

"తానే తడిసింది, చూశావా?"

"చూశా."

"అక్కకి సముద్రం కనబడే గది తీసుకుందామా? మిగతా రెండు రోజులకి. సగం నేనిస్తా."

"చెబితే ఒప్పుకోదు."

"చెబితేగా? సామాను మార్చేద్దాం. డబ్బు వెనక్కివ్వరు అని చెబుదాం. ఆ మాట వింటే నోరెత్తదు."

ఎన్నాళ్ళనుంచో దేవుణ్ణి అడుగుతున్నాను, వీళ్ళని ఒకటి చెయ్యమని. చేశాడు. నా మీద చాడీలు చెప్పుకోవడానికి ఒకటి చేశాడు. ఏ రూపంలో కావాలో నేను అడగలేదు. తప్పు నాదే.

ఇంకాసేపు కూర్చునేదాన్నే. తుమ్ము వచ్చింది. తర్వాత ఇంకోటి. ఇక లాభం లేదని గడియ తీశాను. ఈసారి చప్పుడైంది.

తలుపు తెరుచుకుంది. ఇద్దరూ నేలమీద నుంచి తలలెత్తి చూశారు.

"అదేంటి, దానంతటదే వచ్చిందా?" అంది చెల్లి.

"వచ్చింది" అన్నాను.

తమ్ముడు తలుపు చూశాడు. గడియ చూశాడు. నన్ను చూశాడు.

"వస్తుంది చిన్నక్కా. కాసేపు వదిలేస్తే చెక్క దానంతటదే వదులవుతుంది" అన్నాడు.

ఆదివారం

సముద్రం కనబడే గది. మంచం మెత్తగా ఉంది. ఎండ మొహమ్మీద పడేదాకా మెలకువ రాలేదు. ప్రార్థన ఆలస్యమైంది. వాళ్ళిద్దరూ కింద ఇసుకలో నడుస్తున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో వినబడదు.

సముద్రం నిజంగానే పెద్దది.

ఎంత పెట్టారని అడగలేదు. అడగకుండా ఉండటం చాలా కష్టమైంది.

సోమవారం

తిరుగు రైలు. వాళ్ళిద్దరూ ఒకవైపు, నేను ఎదురుగా. "కిటికీ దించరా" అంది. "దించను ఫో" అన్నాడు. దించాడు.

చెల్లి నిద్రపోయాక తమ్ముడు నావైపు వంగాడు.

"పెద్దక్కా, బిగుసుకున్న తలుపుకి గడియ పడదు. వదులైతేనే పడుతుంది."

కిటికీలోంచి చూశాను. పొలాలు తడిసి ఉన్నాయి.

"ఇంకో గుడ్డు తింటావా?" అన్నాను.

తీసుకున్నాడు. ఉప్పు పొట్లం కూడా.

బుధవారం

లాండ్రీ. యంత్రం బాగైంది. సముద్రం ఎలా ఉందమ్మా అని సూపర్‌వైజర్ అడిగాడు. చవకగా ఉంది బాబూ అన్నాను.

ఆదివారం

పొద్దున ప్రార్థనకి కూర్చున్నాను. ఫోను పక్కన పెట్టుకున్నాను.

మోగలేదు.

మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి చూశాను. ఛార్జింగు ఉంది. నాన్న ఫొటో ఈపాటికి తమ్ముడి ఇంటి గోడమీదికి చేరి ఉంటుంది. ఎవరు తెచ్చారో, ఎవరు మేకు కొట్టారో, వంకరగా ఉందని ఎవరు తిట్టారో, నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పని లేదు.

ఆ రోజు సగంలో పోయిన మాట గుర్తొచ్చింది. అలసిపోయాను, కాస్త కూర్చోనీ అని చెప్పబోయాను. ఇప్పుడు కూర్చునే ఉన్నాను. వింతగా ఉంది. గదిలో ఇంత నిశ్శబ్దం ఉందని తెలియదు.

మొదటిసారి చివరిదాకా ప్రార్థన చేశాను. తర్వాత లేచి, వీధి తలుపు గడియ తీసి, ఓరగా వేసి వచ్చి మళ్ళీ కూర్చున్నాను.